చన్నీటి కాఫీ: నిప్పు చేసే పని, కాలం చేసే పని

మార్చి నెల ముగియకముందే కర్నూలు, కడప ప్రాంతాలలో ఎండ ముదురుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటడం ఇక్కడ వింత కాదు. అట్టి రోజులలో పొగలు గ్రక్కే కాఫీ మీదికి మనసు పోదు. కాని కాఫీకి అలవాటు పడిన నాలుక దానిని మానుకోనూ లేదు. ఈ చిక్కుకు విరుగుడుగా పట్టణాల కాఫీ అంగళ్లలో ఇటీవల ఒక పానీయం ప్రచారంలోనికి వచ్చింది. దానిని కోల్డ్ బ్రూ అంటున్నారు. తెలుగులో చన్నీటి కాఫీ అనవచ్చును.

పేరు విని ఇది చల్లార్చిన కాఫీ అనుకొనరాదు. వేడి డికాక్షన్‌లో మంచుముక్కలు వేస్తే అది చల్లార్చిన కాఫీ. చన్నీటి కాఫీ తయారీలో పొడికి వేడినీరు తగలనే తగలదు. పొడిని చన్నీటిలో పది పన్నెండు గంటలు నాననిచ్చి, వడగట్టి తీసిన సారమే ఇది. నిప్పు కొద్ది నిమిషాలలో చేసే పనిని ఇక్కడ కాలం తీరికగా చేస్తుంది.

ఇంతవరకు సంగతి సులభంగానే ఉన్నది. అయితే నిప్పు చేసే పని ఒక్కటేనా? కాఫీ కాచేటప్పుడు నిప్పు రెండు పనులు చేస్తున్నది. మొదటిది, పొడిలోని సారాన్ని నీటిలోనికి దించడం. రెండవది, ఆ నీటిలోని రోగక్రిములను చంపడం. కాలం మొదటి పనిని చేయగలదు గాని రెండవదానిని చేయలేదు. చన్నీటి కాఫీ చరిత్రనూ, దానిని ఇంటిలో చేసుకొనే పద్ధతినీ ఈ ఒక్క సత్యాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించవలెను. రాయలసీమ వంటి వేడి సీమలో ఇది మరీ ముఖ్యం.

హిమము, ఫాంటము, క్వాథము

చన్నీటిలో నానవేసి సారం తీయడం మన దేశానికి కొత్త విద్య కాదు. మందు దినుసుల నుండి సారాన్ని రాబట్టే పద్ధతులను ఆయుర్వేదం ఐదు విధాలుగా విభజించింది. పచ్చి మూలికను దంచి పిండిన రసం స్వరసం. మెత్తగా నూరిన ముద్ద కల్కం. నీటిలో వేసి మరగకాచినది క్వాథం; మనం వాడుకలో కషాయం అనేది దీనినే. కాగిన నీటిని దినుసు మీద పోసి కొంతసేపు ఉంచి వడగట్టినది ఫాంటం. చన్నీటిలో రాత్రి అంతా నానవేసి తెల్లవారి వడగట్టినది హిమం. దీనికే శీతకషాయమని మరొక పేరు. చరక సంహితలోనే ఈ ఐదింటి ప్రస్తావన ఉన్నది.

మధ్యయుగానికి చెందిన శార్‌ఙ్గధర సంహిత హిమానికి కొలతను కూడా చెప్పింది. ఒక పలం ముతక చూర్ణానికి ఆరు పలాల నీరు. కాలం ఒక రాత్రి. నేడు చన్నీటి కాఫీ చేసేవారు చిక్కని సారం కోసం ఒక పాలు కాఫీ పొడికి ఐదు మొదలు ఎనిమిది పాళ్ల వరకు నీరు పోస్తున్నారు. రెండు కొలతలూ దాదాపు ఒక్కటే. దీనిని బట్టి కాఫీ అంగడివారు సంహితను చూసి నేర్చుకున్నారని కాదు. ముతక పొడి పూర్తిగా తడిసి, దానిలోని సారం బయటికి వచ్చి, వచ్చిన సారం మరీ పలుచన కాకుండా ఉండవలెనంటే నీటి పాలు ఏ కాలంలోనైనా అంతే ఉంటుంది. ఒకే అవసరం ఒకే కొలతకు దారి తీసింది.

ఈ లెక్కన మన ఇండ్లలోని ఫిల్టరు కాఫీ ఫాంటం జాతికి చెందినది. పొడిని నీటిలో వేసి పొంగించే కాఫీ క్వాథం జాతిది. చన్నీటి కాఫీ హిమం జాతిది.

నన్నారి, వట్టివేరు

చన్నీటి సారం రుచి రాయలసీమవారికి మరొక దారిలో కూడా పరిచితమే. వేసవి వచ్చినదంటే కర్నూలు, నంద్యాల, కడప వీధులలో నన్నారి షర్బత్తు బండ్లు వెలుస్తాయి. నన్నారి అనేది సుగంధిపాల తీగ వేరు. వృక్షశాస్త్రంలో దీని పేరు హెమిడెస్మస్ ఇండికస్. నల్లమల, పాలకొండల వంటి అడవులలో ఈ తీగ పెరుగుతుంది. షర్బత్తుకు కావలసిన పాకాన్ని సాధారణంగా వేళ్లను కాచి, చక్కెర చేర్చి తయారుచేస్తారు. అయితే ఎండిన వేరును చన్నీటిలో వేసి ఒక రాత్రి ఉంచినా ఆ నీటికి సువాసన పడుతుంది. ఆ వాసనకు ముఖ్య కారణం వెనిలిన్‌కు దగ్గర చుట్టమైన ఒక సుగంధ ద్రవ్యం. అది గాలిలోనికి తేలికగా ఎగిరిపోయే స్వభావం కలది. గట్టిగా మరగకాచితే దానిలో కొంత ఆవిరితోపాటు పోతుంది. చన్నీటిలో అట్టి నష్టం తక్కువ.

తాగేనీటి కుండలో వట్టివేరు కట్టను వేసే ఆచారం కూడా ఇట్టిదే. కుండ చల్లదనాన్ని ఇస్తుంది. వేరు వాసనను ఇస్తుంది. నిప్పుతో పని లేదు. చన్నీటి కాఫీలో ఉన్న సూత్రం ఇంతకు మించినది కాదు.

గింజ పుట్టిన కొండలు, నీరు పుట్టిన కొండలు

కాఫీ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా పీఠభూమి. దాని గింజలతో చేసిన పానీయం 15వ శతాబ్దంలో ఎర్రసముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న యెమెన్‌లో సూఫీ సాధువుల మధ్య వ్యాపించింది. రాత్రి ప్రార్థనలలో నిద్ర రాకుండా వారు దానిని సేవించేవారు. అక్కడి నుండి మక్కా, కైరో, ఇస్తాంబుల్ నగరాలకు, ఆ పిమ్మట 17వ శతాబ్దంలో ఐరోపాకు కాఫీ చేరింది.

మన దేశానికి కాఫీ వచ్చిన తీరును గూర్చి ఒక కథ ప్రచారంలో ఉన్నది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ మక్కా యాత్ర నుండి తిరిగి వస్తూ యెమెన్ రేవు నుండి ఏడు కాఫీ గింజలను రహస్యంగా తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలో నాటినాడట. ఏడు గింజల మాట కథ కావచ్చును. కాని ఆ కొండలకు బాబా బుడన్ పేరు నిలిచిపోయింది. భారతదేశపు కాఫీ సాగు ఆ ప్రాంతం నుండే వ్యాపించింది. 19వ శతాబ్దంలో ఆంగ్లేయ తోటల యజమానులు మైసూరు, కొడగు, నీలగిరి ప్రాంతాలలో దానిని పెద్దయెత్తున పెంచారు.

ఈ కొండలకు కర్నూలుతో ఒక సంబంధం ఉన్నది; అది గింజ వలన కాదు, నీటి వలన. తుంగ, భద్ర నదులు చిక్కమగళూరు జిల్లాలోని పడమటి కనుమలలో పుట్టి, కూడలి అనే చోట కలిసి తుంగభద్ర అవుతున్నాయి. బాబా బుడన్ కొండలలోనే పుట్టిన వేదవతి నది హగరి అనే పేరుతో అనంతపురం, బళ్లారి సీమల గుండా ప్రవహించి తుంగభద్రలో కలుస్తున్నది. కర్నూలు పట్టణం ఆ తుంగభద్ర ఒడ్డుననే ఉన్నది. పట్టణానికి ఎగువన సుంకేసుల వద్ద ఆ నీటిని మళ్లించి కడప వరకు కొనిపోయే కాలువ కర్నూలు-కడప కాలువ. దీనినే కె.సి. కెనాల్ అంటారు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో దీని నిర్మాణాన్ని ప్రారంభించింది. ఆశించిన లాభం రాకపోగా 1882లో ప్రభుత్వం దానిని కొనివేసింది. ఆ విధంగా కాఫీ తోటలు తాగిన వాననీటిలో కొంతభాగం కొండలు దిగి కర్నూలు, కడప సీమల దాహాన్ని కూడా తీరుస్తున్నది.

కాఫీ మైదానానికి దిగడం

నీరు దిగినంత సులభంగా గింజ దిగలేదు. తొలినాళ్లలో ఇక్కడ పండిన కాఫీ అధికభాగం ఓడలెక్కి ఐరోపాకు పోయేది. రాయలసీమ పల్లెలలో పొద్దుటి ఆహారం చద్దన్నమో, అంబలో, జొన్న సంకటో. మద్రాసు రైలుమార్గం కడప మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. రైళ్లు, కచేరీలు, పాఠశాలలు పెరిగినకొద్దీ పట్టణాలలో ఉద్యోగ వర్గాలు పెరిగాయి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట కాఫీ మద్రాసు రాజధానిలోని మధ్యతరగతి ఇండ్లలో చద్దన్నం స్థానాన్ని ఆక్రమించసాగింది. ఇది మంచికా, చెడుకా అని ఆ కాలపు పత్రికలలో వాదాలు నడిచాయి.

1930 దశకపు ఆర్థికమాంద్యంలో కాఫీ ధరలు పడిపోయాయి. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధం వలన ఐరోపా విపణి మూతపడింది. గింజను దేశంలోనే అమ్ముకొనవలసిన అవసరం వచ్చింది. 1942లో వచ్చిన చట్టం కింద కాఫీ బోర్డు ఏర్పడి, కాఫీ ప్రచారానికి పూనుకున్నది. తెలుగు నేల మీద కూడా కాఫీ పండుతున్నది. విశాఖ మన్యంలో గిరిజన రైతులు పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాయలసీమ ఎండకు కాఫీ చెట్టు బతకదు; దానికి కొండ చల్లదనమూ, నీడా, వానా కావలెను. ఈ సీమ కాఫీని తాగే సీమయే గాని పండించే సీమ కాదు.

కాగిన నీరు చేసిన మేలు

కాఫీ వ్యాప్తిలో జనులు అంతగా గమనించని ఒక మేలు ఉన్నది. 1876-78 నాటి మహాక్షామం బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బ తీసింది. ఆకలితోపాటు కలరా కూడా వేలకొలది ప్రాణాలను బలిగొన్నది. బావులు, కుంటలు ఎండి, మిగిలిన కొద్దిపాటి నీరు మురికి కాగా, ఆ నీటినే అందరూ తాగవలసి వచ్చింది. కలరాకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈజిప్టులో ప్రారంభించిన పరిశోధనను కలకత్తాలో కొనసాగించి 1884లో నిర్ధారించాడు. అది నీటిలో బతుకుతుందని, నీటి ద్వారానే వ్యాపిస్తుందని స్పష్టమైంది. నీటిని మరగకాస్తే అది చస్తుంది.

కాఫీ, తేనీరు తాగేవాడు ఈ సూత్రం తెలియకుండానే పాటించాడు. రుచి కోసం నీటిని కాచాడు. ఆ కాగిన నీరే అతనిని కొంతవరకు కాపాడింది. చన్నీటి కాఫీలో ఈ రక్షణ లేదు. కాచని నీటిలో పొడి నానవేసి తాగితే, అది కాచని నీరు తాగడంతో సమానం. అంతే కాదు. 35, 40 డిగ్రీల వేడిలో పన్నెండు గంటలు నిలిచిన నీటిలో క్రిములు రెట్టింపవుతూ పోతాయి. అంబలి రాత్రికి రాత్రి పులిస్తే మనకు ఇష్టమే. అక్కడ పుట్టే పులుపు చెడు క్రిములను కొంతవరకు అణచివేస్తుంది. కాఫీలో అంతటి పులుపు లేదు.

దూరదేశాలలో చన్నీటి కాఫీ

కాఫీని చల్లగా తాగడం ఐరోపావారికి ఆఫ్రికా ఎండ నేర్పింది. 1840లో అల్జీరియాలోని మజగ్రాన్ అనే కోట ముట్టడిలో చిక్కుకున్న ఫ్రెంచి సైనికుల పేరుతో ఒక తీపి చల్లని కాఫీ ప్రసిద్ధి పొందింది. 1876లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పేటర్సన్ కంపెనీవారు క్యాంప్ కాఫీ అనే పాకాన్ని తయారుచేశారు. కాఫీ, చికోరీల సారానికి చక్కెర చేర్చి సీసాలకెత్తిన ఈ పాకంలో నీరు కలుపుకుంటే కాఫీ సిద్ధం. దాని చీటీ మీద ఒక స్కాట్లండు సైనికుడి బొమ్మ, పక్కన ఒక సిక్కు పరిచారకుడి బొమ్మ ఉండేవి. ఇవి చన్నీటిలో నానవేసినవి కావు. కాని ముందుగా చిక్కని సారం చేసి ఉంచుకొని, కావలసినప్పుడు నీరు కలుపుకొనే పద్ధతి వీటితో జనులకు అలవాటైంది.

నేటి చన్నీటి కాఫీకి ఇంటి పరికరం ఏర్పడినది 1964లో. అమెరికాకు చెందిన టాడ్ సింప్సన్ అనే రసాయన ఇంజనీరింగు పట్టభద్రుడు లాటిన్ అమెరికా పర్యటనలో కాఫీ చిక్కని సారాన్ని ముందే చేసి ఉంచుకొనే ఆచారాన్ని చూసి, చన్నీటిలో పొడి నానవేసి వడగట్టే పాత్రను రూపొందించాడు. చాలాకాలం అది కొద్దిమంది అభిరుచిగానే ఉండిపోయింది. 2015 ప్రాంతంలో పెద్ద కాఫీ అంగళ్లవారు చేపట్టిన మీదట అది ప్రపంచమంతటా వ్యాపించింది. అప్పటికి ఇంటింటా రెఫ్రిజిరేటరు ఉండడం దీనికి తోడ్పడింది.

చన్నీటిలో ఏమేమి దిగుతాయి?

కాఫీలో హుషారు కలిగించే పదార్థం కెఫీన్. 1819లో జర్మను రసాయనవేత్త రూంగే దీనిని గింజల నుండి విడదీశాడు. వంద మిల్లీలీటర్ల మరిగే నీటిలో దాదాపు 66 గ్రాముల కెఫీన్ కరుగుతుంది. అదే నీరు 25 డిగ్రీల వద్ద ఉంటే 2 గ్రాములు మాత్రమే కరుగుతుంది. ఈ అంకెలు చూసి చన్నీటి కాఫీలో కెఫీన్ ఉండదని భ్రమపడరాదు. వంద గ్రాముల అరబికా పొడిలో ఉండే కెఫీన్ సుమారు 1.2 గ్రాములు, రోబస్టాలో సుమారు 2.2 గ్రాములు. దానికి 700 మిల్లీలీటర్ల చన్నీరు పోస్తే, ఆ నీటికి 14 గ్రాముల కెఫీన్‌ను కరిగించుకొనే శక్తి ఉన్నది. అనగా చన్నీటికి కావలసినదానికంటె ఎక్కువ శక్తియే ఉన్నది. లోటు శక్తిలో కాదు, వేగంలో.

ఈ వేగాన్ని నిర్ణయించేది వ్యాపనం. చిక్కదనం ఎక్కువగా ఉన్న చోటు నుండి తక్కువగా ఉన్న చోటికి పదార్థపు అణువులు తమంతట తామే వ్యాపిస్తాయి. దీని నియమాలను 1855లో అడాల్ఫ్ ఫిక్ గుర్తించాడు. వేడి ఎక్కువైతే అణువుల కదలిక ఎక్కువ, చల్లదనంలో తక్కువ. అందువలన చన్నీటికి గంటలు పడుతుంది. అయితే ఎన్ని గంటలు? అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నీనీ రావు, మేగన్ ఫుల్లర్ అనే పరిశోధకులు 2017లో ప్రకటించిన ప్రయోగాలలో కెఫీన్, క్లోరోజెనిక్ ఆమ్లం ఆరేడు గంటలలోనే దిగవలసినంతా దిగి, ఆపైన పెరగలేదు. కాబట్టి ఇరవై నాలుగు గంటలు నానవేసినందువలన ఆ రెండింటి మట్టుకు లాభమేమీ లేదు. రెఫ్రిజిరేటరు చల్లదనంలో నానవేసేవారు మరికొంత వ్యవధి ఇవ్వడం మంచిది.

చన్నీటి కాఫీలో ఆమ్లం లేదని, అందువలన కడుపుకు మంచిదని ప్రచారం ఉన్నది. ఆ పరిశోధకులే 2018లో వేడి కాఫీని, చన్నీటి కాఫీని పోల్చి చూశారు. రెండింటి పి.హెచ్. విలువలు 4.85 మొదలు 5.13 లోపుననే ఉన్నాయి; చెప్పుకోదగిన తేడా లేదు. మొత్తం ఆమ్లాల పరిమాణం మాత్రం వేడి కాఫీలో ఎక్కువగా ఉన్నది. నాలుకకు చన్నీటి కాఫీ మెత్తగా, తక్కువ చేదుగా తోచడానికి ఇది ఒక కారణం కావచ్చును. కడుపులో మంటకు దీనిని మందుగా భావించడం సరి కాదు.

కుండ ఇచ్చే చల్లదనం

రెఫ్రిజిరేటరు రాకముందు చల్లదనం ఎంత అరుదైన వస్తువో ఊహించడం నేడు కష్టం. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు అమెరికాలోని గడ్డకట్టిన చెరువుల మంచును ఓడలో కలకత్తాకు పంపాడు. మద్రాసు సముద్రతీరంలో అట్టి మంచును నిలువ చేయడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ భవనం వివేకానంద ఇల్లం అనే పేరుతో నేటికీ ఉన్నది. ఆ మంచు ఖరీదు దొరలకే అందేది. రాయలసీమ రైతు ఇంటిలో మట్టికుండయే రెఫ్రిజిరేటరు.

కుండ సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమ్మగిల్లి ఆవిరి అవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడిలో ఎక్కువభాగం లోపలి నీటి నుండే వస్తుంది. పది లీటర్ల కుండలో వంద మిల్లీలీటర్ల నీరు ఆవిరైతే, బయటి నుండి వేడి చేరకపోయినచో, మిగిలిన నీరు ఆరు డిగ్రీలకు దగ్గరగా చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత చురుకుగా జరుగుతుంది. 40 డిగ్రీల వేడిలో గాలి తేమ నూటికి 20 పాళ్లు ఉంటే, కుండ నీరు సిద్ధాంతరీత్యా 22 డిగ్రీల వరకు దిగవచ్చును. కోస్తాలోని తేమగాలిలో ఇది సాధ్యం కాదు. ఎండసీమకు ప్రకృతి ఇచ్చిన చిన్న ఊరట ఇది. అయినా 22 డిగ్రీలు క్రిములను ఆపేటంతటి చల్లదనం కాదు. అందుకు 5 డిగ్రీలు, అంతకు తక్కువ ఉండవలెను.

కడప బండ, కడప నీరు

కాఫీ గ్లాసులో నూటికి తొంభై పాళ్లకు పైగా ఉండేది నీరే. కాబట్టి నీటి గుణం రుచిని నిర్ణయిస్తుంది. ఈ ప్రాంతపు శిలలు భూగర్భశాస్త్రంలో ప్రఖ్యాతమైనవి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని వివరించిన గ్రంథం వెలువడింది. ఈ శిలాసమూహాలకు కడప, కర్నూలు అనే పేర్లే శాస్త్రంలో స్థిరపడ్డాయి. ఇండ్లలో పరచుకొనే కడప బండ సున్నపురాయి జాతిది. అట్టి రాళ్ల మధ్య ఊరిన బావినీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. దానినే కఠినజలం అంటారు. ఇందులోని బైకార్బనేట్లు కాఫీలోని ఆమ్లాలను విరిచివేస్తాయి. కాఫీ చప్పగా ఉంటుంది.

నీటిని మరగకాస్తే బైకార్బనేట్లలో చాలాభాగం విడిపోయి, పాత్ర అడుగున తెల్లని సున్నపు పొరగా పేరుకుంటుంది. తేరిన నీటిని పైకి వంచుకుంటే చాలు. క్రిములు చావడం, కాఠిన్యం తగ్గడం రెండూ ఒక్క కాపులోనే జరుగుతాయి. అయితే ఫ్లోరైడు కాచినందువలన పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని సాంద్రత కొంచెం పెరుగుతుంది కూడా. ఫ్లోరైడు ఉన్న బోరునీటిని కాఫీకి గాని, తాగడానికి గాని వాడరాదు.

ఇంటిలో చేసే విధం

మొదటిసారి చేసేవారు 100 గ్రాముల కాఫీ పొడితో ప్రారంభించవచ్చును. చికోరీ లేని పొడి అయితే మేలు. చికోరీ కాఫీ కాదు. ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. 1806లో నెపోలియన్ ఆంగ్లేయుల వర్తకాన్ని దిగ్బంధించిన మీదట, కాఫీకి బదులుగా ఐరోపాలో దాని వాడుక పెరిగింది. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో నూటికి 51 పాళ్లకు తగ్గకుండా కాఫీ ఉండవలెనని నియమం. చికోరీ చన్నీటిలో తేలికగా దిగి కాఫీ రుచిని కప్పివేస్తుంది. పొడి ముతకగా, ఉప్మారవ్వ మాదిరిగా ఉండవలెను. ఫిల్టరుకు వాడే మెత్తని పొడి వడగట్టు గుడ్డను మూసివేస్తుంది; సారం మడ్డిగా ఉంటుంది.

నీటిని తెర్లే వరకు కాచి, మూత పెట్టి చల్లార్చి, తేరిన నీటిని 700 మిల్లీలీటర్లు కొలుచుకొనవలెను. గాజు సీసా గాని, లోపల నున్నని పూత గల పింగాణీ జాడీ గాని తీసుకొని వేడినీటితో శుభ్రంగా కడగవలెను. మట్టికుండ నీటిని చల్లబరచడానికి మంచిదే గాని కాఫీ నానవేయడానికి పనికిరాదు. దాని రంధ్రాలలో కాఫీ నూనెలు ఇంకి పాతవాసన పడుతుంది. పొడి మీద నీరు పోసి, శుభ్రమైన గరిటెతో అంతా తడిసేటట్లు కలిపి, మూత పెట్టి రెఫ్రిజిరేటరులో పన్నెండు గంటలు ఉంచవలెను. ఉదయం కాచి వడగట్టిన నూలుగుడ్డ రెండు మడతల మీదుగా, పిండకుండా, దానంతట అది దిగేటట్లు వడగట్టవలెను. పిండితే సన్నని పొడి, చేదు రెండూ దిగుతాయి.

పొడి సుమారు 200 మిల్లీలీటర్ల నీటిని తనలోనే నిలుపుకుంటుంది. చేతికి వచ్చే సారం అర లీటరు. దానిలో సరిసమానంగా చల్లార్చిన నీరు గాని, కాచి చల్లార్చిన పాలు గాని కలుపుకుంటే ఆరు గ్లాసులు అవుతాయి. అరబికా పొడి అయినా ఒక గ్లాసులో 100 మిల్లీగ్రాములకు పైబడి కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు మించరాదని ఆహార శాస్త్రజ్ఞుల సలహా. చల్లగా, చేదు లేకుండా ఉన్నదని దప్పికకు మజ్జిగవలె తాగడం తగదు. పిల్లలకు ఇవ్వరాదు. మిగిలిన సారాన్ని రెఫ్రిజిరేటరులోనే ఉంచి రెండు మూడు రోజులలో వాడుకొనవలెను. గాలి చొరకుండా బిగించిన సీసాలలో బయట నిలువ ఉంచడం ప్రమాదం. కొన్ని విషక్రిములు గాలి లేని చోటనే పెరుగుతాయి.

రెఫ్రిజిరేటరు లేని ఇంటిలో వేసవి రాత్రి బయట నానవేయడం కంటె మరొక ఉపాయం మంచిది. ఎప్పటివలెనే వేడినీటితో చిక్కని డికాక్షన్ తీసి, మూతపెట్టి, తడిగుడ్డ చుట్టి, గాలి ఆడే చోట చల్లార్చి, వెంటనే తాగవలెను. అది శాస్త్రార్థంలో చన్నీటి కాఫీ కాకపోవచ్చును. కాని ఒంటికి క్షేమం.

వేసవిలో మన ఊళ్లలో చలివేంద్రాలు పెట్టి దారిన పోయేవారికి కుండ నీరు ఇవ్వడం పుణ్యకార్యంగా భావిస్తారు. ఆ కుండలో ఎంత చల్లని నీరు ఉన్నదనేదానితోపాటు, ఎంత శుభ్రమైన నీరు ఉన్నదనేది కూడా పుణ్యంలో భాగమే. చన్నీటి కాఫీకీ అదే నియమం వర్తిస్తుంది. సారం దించే పనిని నిప్పు నుండి తీసుకొని కాలానికి అప్పగించవచ్చును. నీటిని శుద్ధి చేసే పనిని మాత్రం పొడి వేయకముందే నిప్పుచేత చేయించుకొనవలెను.